భోగికి ముందు అటక దించుతున్నారా? పాత జి.ఐ. జో బొమ్మల విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

సంక్రాంతికి ముందు ఇల్లు దులిపే రోజుల్లో అటక మీది ట్రంకు పెట్టెలన్నీ కిందికి దిగుతాయి. విరిగిన కుర్చీలు భోగి మంటలోకి, పాత పేపర్లు తూకానికి, మిగిలిన సరుకంతా పాత సామాన్ల వాడి సంచిలోకి వెళ్తుంది. 1980లలోనూ 90లలోనూ పుట్టి పెరిగిన పిల్లలున్న ఇళ్లలో ఆ మిగిలిన సరుకులో నాలుగు అంగుళాలకు కాస్త తక్కువ ఎత్తున్న ప్లాస్టిక్ సైనికులు, వాళ్ల తుపాకులు, వీపు సంచులు తరచుగా కనిపిస్తాయి. అవి జి.ఐ. జో బొమ్మలైతే వాటి కోసం వెతికే సేకర్తలు దేశంలోనూ బయటా ఉన్నారు. సెలవులకు ఇంటికొచ్చిన పిల్లలు తమ చిన్ననాటి పెట్టెను వెంట తీసుకుపోవాలనుకునేదీ, తిరిగి అమ్ముకునేవారు ఇల్లిల్లూ వాకబు చేసేదీ ఈ రోజుల్లోనే కాబట్టి, తొందరపాటు వల్ల అమ్మేవారికీ కొనేవారికీ నష్టం జరిగే కాలం కూడా ఇదే. ప్లాస్టిక్ బొమ్మలను భోగి మంటలో మాత్రం వేయకండి. వాటిలో పీవీసీ ఉంటే వచ్చే పొగ విషపూరితం, పిల్లలు ఆ మంట చుట్టూనే నిలబడతారు.

పెట్టె దొరికిన వెంటనే చాలామంది చేసే పని బొమ్మలను సబ్బు నీళ్లలో వేయడం, ఆ తర్వాత ఫోనులో ధర వెతకడం. ఈ వరస తిరగబడాలి. ముందు ఏది ఏమిటో గుర్తించాలి, తర్వాత స్థితి చూడాలి, అవసరమైతేనే శుభ్రం చేయాలి, ధర సంగతి ఆఖరున. పెట్టె అడుగున ఉన్న దుమ్ములో అగ్గిపుల్లంత కత్తో, గింజంత తుపాకీయో దాగి ఉండవచ్చు కనుక పెట్టెను నేల మీద బోర్లించకుండా పాత దుప్పటి పరిచి దాని మీద ఖాళీ చేయండి. చెత్తలా కనబడే ముక్కలను కూడా ఒక డబ్బాలో వేసి పెట్టండి. ఏ ముక్క దేనిదో తేలేదాకా ఏదీ పారేయవద్దు.

గుర్తింపు దగ్గర కొంచెం చరిత్ర అవసరం. అమెరికాకు చెందిన హస్బ్రో కంపెనీ 1964లో జి.ఐ. జో పేరుతో పన్నెండు అంగుళాల బొమ్మను తెచ్చింది. మన ఇళ్లలో దొరికేవి అవి కావు. 1982లో అదే కంపెనీ 3¾ అంగుళాల ఎత్తులో, ఒక్కొక్కరికి ఒక పేరూ ఒక కథా ఇచ్చి కొత్త వరసను మొదలుపెట్టి 1994 దాకా నడిపింది. మన దేశంలో ఎం.ఆర్.ఎఫ్., హస్బ్రో కలిసి 1987లో ఫన్‌స్కూల్‌ను ప్రారంభించాక ఈ బొమ్మలు ఇక్కడే తయారై దుకాణాలకు వచ్చాయి. కాబట్టి మీ పెట్టెలోవి రెండు రకాలు కావచ్చు: ఇక్కడ తయారైన ఫన్‌స్కూల్ బొమ్మలు, లేదా విదేశాల నుంచి బంధువులు తెచ్చిన హస్బ్రో బొమ్మలు. రెండూ కలిసే ఉండటమూ మామూలే.

బొమ్మను బోర్లా పట్టుకుని నడుము వెనుక భాగాన్ని ఏటవాలు వెలుతురులో చూడండి. చాలా సన్నని అక్షరాలలో కంపెనీ పేరు, ఒక సంవత్సరం, కొన్నిటి మీద తయారైన దేశం పేరు అచ్చు పోసి ఉంటాయి. ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. ఆ సంవత్సరం అచ్చుకు హక్కు తీసుకున్న ఏడాదే తప్ప ఆ బొమ్మ తయారైన ఏడాది కాదు. అమెరికాలో వాడటం ఆగిపోయిన పాత అచ్చులతో ఫన్‌స్కూల్ తర్వాత కూడా చాలాకాలం బొమ్మలు పోసింది కనుక, 1983 అని రాసి ఉన్న బొమ్మ 1990లలో మన దేశంలో తయారై ఉండవచ్చు. దేశం పేరు స్పష్టంగా ఉంటే దాన్నే ప్రమాణంగా తీసుకోండి. లేకపోతే రంగు చూడండి. ఇక్కడి బొమ్మలలో కొన్నిటి దుస్తుల రంగులు అమెరికా బొమ్మల కంటే బాగా వేరుగా ఉంటాయి. విదేశీ సేకర్తలు ఫన్‌స్కూల్ వాటిని ప్రత్యేకంగా వెతకడానికి ఈ రంగుల తేడా ఒక ముఖ్య కారణం. అమెరికా బొమ్మ ఫొటోతో పోల్చి రంగు కలవలేదని దాన్ని నకిలీ అనుకుని అగ్గువకు ఇచ్చేయడం తెలియక చేసే పొరపాటు.

అయితే ఇండియాలో తయారైందన్న ఒక్క మాటతో దాన్ని అపురూపమనుకోవడం కూడా సరికాదు. 2000 ప్రాంతంలో అమెరికాలోని వ్యాపారులు ప్యాక్ విప్పని ఫన్‌స్కూల్ బొమ్మలను పెద్ద ఎత్తున తెప్పించుకుని తక్కువ ధరలకు అమ్మారు. ఆ రకాలు ఇప్పటికీ అక్కడ సీలు విప్పనివిగానే దొరుకుతాయి. అందువల్ల ఏ బొమ్మ అన్నదే ముఖ్యం, ఏ దేశం అన్నది ఆ తర్వాతి మాట.

అట్ట మీద ఉన్న బొమ్మ దొరికితే కాలాన్ని తేల్చడం సులువవుతుంది. ప్యాకెట్ సరుకుల మీద తయారీదారు పేరు, చిరునామా, ప్యాక్ చేసిన నెల, ఏడాది, అమ్మకం ధర ఉండాలని మన తూనికలు కొలతల నిబంధనలు 1977 నుంచే చెబుతున్నాయి. అట్ట వెనుకో, అంటించిన చిన్న కాగితం మీదో ఈ వివరాలు కనిపిస్తే బొమ్మ నడుము మీది సంవత్సరం కంటే వీటినే నమ్మండి. అట్టను అందంగా కనబడేలా చేయాలని ఆ ధర కాగితాన్ని గోటితో గీకి తీయకండి. దాని వెంట అట్ట పొర కూడా లేస్తుంది, ఆ బొమ్మకున్న ఆధారమూ పోతుంది.

హస్బ్రో బొమ్మల్లో తొలినాటివాటికి ఇంకో పరీక్ష ఉంది. 1982లో వచ్చినవాటి చేతులు భుజం దగ్గరా మోచేయి దగ్గరా కదులుతాయి కానీ కండ దగ్గర అడ్డంగా తిరగవు. 1983 నుంచి ఆ సౌకర్యం వచ్చింది, పాత పాత్రలనే కొత్త చేతులతో మళ్లీ వదిలారు. 1982 నాటి, చేతులు అలా తిరగని కోబ్రా కమాండర్ (శత్రు నాయకుడి పాత్ర) బొమ్మల్లో మొదటి కొన్నిటి ఛాతీ మీది పాము గుర్తు కాస్త వికారంగా, మిక్కీ మౌస్ తలలా ఉంటుంది. సేకర్తలు దాన్ని ఆ పేరుతోనే పిలుస్తారు, మామూలు గుర్తున్నదానికంటే ఎక్కువ ఇస్తారు. తిరుగుతుందో లేదో చూడటానికి చేతిని బలంగా తిప్పకండి. కండ చుట్టూ కోత గీత ఉందో లేదో కంటితో చూస్తే చాలు.

ఇక స్థితి. ఈ బొమ్మలు విరిగే చోట్లు ముందే తెలుసు కాబట్టి పరీక్ష కూడా ఆ క్రమంలోనే జరగాలి. మొదటిది బొటనవేలు. అరచేతి వంపులో తుపాకీ పిడిని బలవంతంగా దూర్చినప్పుడు అదే ముందు ఊడుతుంది, ఊడిన చోట ప్లాస్టిక్ కాస్త తెల్లగా కనిపిస్తుంది. రెండోది రెండు కాళ్ల మధ్య ఉండే నడుము ముక్క, మూడోది మోచేతి దగ్గర పిన్ను చుట్టూ వచ్చే సన్నని పగులు. భూతద్దంతో ఈ మూడు చోట్లా చూడనిదే ధర మాట్లాడకండి. 1982 నాటి స్నేక్ ఐస్ లాంటి బొమ్మ దగ్గర మరీ జాగ్రత్తగా ఉండాలి. ఖర్చు తగ్గించుకోవడానికి దాన్ని రంగు వేయకుండా ఒట్టి నల్ల ప్లాస్టిక్‌లోనే విడుదల చేశారు కాబట్టి, రంగు అరుగుదలను చూసి ఎంతగా ఆడారో ఊహించే వీలు అందులో ఉండదు. కీళ్లు, వేళ్లే సాక్ష్యం.

నడుము దగ్గర బొమ్మ రెండుగా విడిపోయి ఉంటే భయపడనక్కర్లేదు. ఛాతీకీ కాళ్లకీ మధ్య ఒక చిన్న ఇనుప కొక్కెం, దాన్ని లాగి పట్టే నల్లని రబ్బరు ఓ-రింగ్ ఉంటాయి. ఇన్నేళ్లకు రబ్బరు ఎండి తెగడం సహజం. సరైన కొలత ఓ-రింగ్ కొని, వీపు మీది స్క్రూను దాని గాడికి సరిపడే స్టార్ స్క్రూడ్రైవర్‌తో మెల్లగా విప్పి మార్చవచ్చు. మార్చినట్టు కొనేవారికి చెప్తే సేకర్తలెవరూ అభ్యంతరం పెట్టరు. స్క్రూ తుప్పు పట్టి ఉంటే మాత్రం విప్పే ప్రయత్నం మానుకోండి. విశాఖ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో దాచిన బొమ్మలకు ఈ ఇబ్బంది ఎక్కువ. బలం పెడితే స్క్రూ తల అరిగిపోతుంది, లేదా వీపే పగులుతుంది. విరిగిన వేలికి ఫెవిక్విక్ పెట్టడం అన్నిటికంటే చెడ్డ పని. ఆ జిగురు చుట్టూ తెల్లని పొర కడుతుంది, అది పోదు.

విలువంతా చాలాసార్లు ఆయుధాల దగ్గరే తేలుతుంది. 1984 నాటి స్టార్మ్ షాడోతో విల్లు, పొడవు కత్తి, పొట్టి కత్తి, నన్‌చాకు, వీపు మీది అమ్ములపొది వచ్చేవి. అవన్నీ ఉన్న బొమ్మకూ ఒంటి బొమ్మకూ ధర పోలిక ఉండదు. అందుకే విడి ఆయుధాల నకళ్లు బజారులో విపరీతంగా పెరిగాయి. అసలుదాని పక్కన పెట్టి చూస్తే నకలులో అంచులు మొద్దుగా, రంగు ఒక ఛాయ తేడాగా, ప్లాస్టిక్ మరీ మెత్తగానో మరీ గట్టిగానో ఉంటుంది. నీళ్లలో వేసి తేలుతుందా మునుగుతుందా అని చూడటం, అతినీలలోహిత (యూవీ) దీపం కింద మెరుస్తుందా అని చూడటం కొందరు చెప్పే చిట్కాలు. అవి అనుమానం రేపడానికి పనికొస్తాయి గానీ తీర్పు చెప్పడానికి చాలవు. అట్ట వెనుక నుంచి పిల్లలు కత్తిరించి దాచుకున్న పాత్ర పరిచయ కాగితం, అదే ఫైల్ కార్డు, దొరికితే దాన్నీ బొమ్మతోనే ఉంచండి.

శుభ్రం చేయడం తప్పదనుకుంటే గోరువెచ్చని నీరు, ఒక చుక్క గిన్నెలు తోమే ద్రవం, మెత్తని బ్రష్షు చాలు. స్క్రూ దగ్గర, కొక్కెం దగ్గర తడి మిగలకుండా ఆరబెట్టాలి, అదీ నీడలోనే. అంటించిన బొమ్మ కాగితాలు, అంటే స్టిక్కర్లు, ఉన్న వాహనాలను నీళ్లలో ముంచకూడదు. గోళ్ల రంగు తీసే ద్రవంలోని అసిటోన్ ఈ ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది కాబట్టి పెన్ను గీతలు పోవాలని దాన్ని అస్సలు తాకించవద్దు. పచ్చబడిన తెల్ల బొమ్మను హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలో పెట్టి తెల్లబరిచే పద్ధతి ఒకటి ప్రచారంలో ఉంది. రంగులు వెలిసే ప్రమాదం ఉంది, పసుపు మళ్లీ రావచ్చు. నా అభిప్రాయంలో అమ్మకానికి పెట్టే బొమ్మ మీద ఆ ప్రయోగం చేయకపోవడమే మంచిది, చేసి ఉంటే దాచకూడదు.

సీలు విప్పని బొమ్మను కొనేవారు బుడగ లాంటి ప్లాస్టిక్ కప్పు అంచును వెలుతురుకు అడ్డంగా పెట్టి చూడాలి. తెరిచి మళ్లీ అంటించిన చోట జిగురు మరకో, లేచి తిరిగి ఒత్తిన కాగితపు పీచో కనిపిస్తుంది. అట్టకు చెదలు, వెండి పురుగులు పట్టి ఉన్నాయేమో, వేలాడదీసే రంధ్రం తెరిచి ఉందా మూసి ఉందా అన్నవి కూడా ధరను మారుస్తాయి. అమెరికాలోని యాక్షన్ ఫిగర్ అథారిటీ లాంటి సంస్థలు నూటికి ఇన్ని మార్కులని స్థితిని నిర్ణయించి పెట్టెలో బిగించి ఇస్తాయి. మామూలు బొమ్మకు ఆ ఖర్చూ, పంపే ఖర్చూ తిరిగి రావు.

ధర చూసేటప్పుడు అడుగుతున్న ధరను లెక్కలోకే తీసుకోకండి. ఈబే అనే ఆన్‌లైన్ అమ్మకాల సైటులో అమ్ముడుపోయిన వస్తువులను మాత్రమే చూపే వడపోత ఉంది. ఆ జాబితాలో మీ బొమ్మదే రంగు, అవే ఆయుధాలు, అదే స్థితిలో ఉన్నవాటిని కొన్నింటిని చూసి, అన్నిటికంటే ఎక్కువ పలికినదాన్నీ తక్కువ పలికినదాన్నీ పక్కన పెట్టి మధ్యవాటిని పట్టుకోండి. అందులోంచి వేదిక రుసుము, పంపే ఖర్చు, డాలరు మార్పిడి కోత తీసేస్తే మీ చేతికి వచ్చేది తెలుస్తుంది. తిరిగి అమ్మేవారు కొనే ధరను ఈ చివరి అంకె నుంచి వెనక్కి లెక్కించాలి. హైదరాబాదులో పురానాపూల్ దగ్గరి జుమేరాత్ బజారులో గంపగుత్తగా కొంటున్నప్పుడు ఆ మొత్తానికి విలువ తెచ్చేవి ఒకటి రెండు బొమ్మలే అయి ఉంటాయి. మిగిలినవాటికి కలిపి ఏదో ఒకటి వస్తుందన్న ఊహతో బేరం ముగించవద్దు.

అమ్మేటప్పుడు బొమ్మను ముందూ వెనుకా, నడుము మీది అక్షరాలు, బొటనవేళ్లు కనిపించేలా ఫొటోలు పెట్టండి. లోపం ఉన్న చోటును దగ్గరగా తీయండి. ప్యాక్ చేస్తున్న వీడియో ఉంచుకోండి, కొనేవారిని విప్పేటప్పుడు వీడియో తీయమనండి. డబ్బు పంపుతున్నామంటూ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి యూపీఐ పిన్ కొట్టమంటే అక్కడితో మాట ఆపేయండి, డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు.

విదేశాల నుంచి తెప్పించుకునేవారికి, అమెరికాలోని అన్నయ్య చేత పంపించుకునేవారికి ఇంకో లెక్క ఉంది. బహుమతి పార్సిళ్లకు సుంకం లేకుండా వచ్చే వెసులుబాటు 2019 డిసెంబరులో పోయింది. బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. 14 ఏళ్ల లోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి, పాత బొమ్మలకు అది ఉండే ప్రసక్తే లేదు కనుక పార్సిల్ కస్టమ్స్ దగ్గర ఆగిపోయే అవకాశం ఉంది. పంపించే ముందు అప్పటి రేటునూ నిబంధననూ కొరియరు సంస్థను అడిగి తెలుసుకుని, ఆ మొత్తాన్ని కూడా బొమ్మ ధరలో కలిపి చూసుకోండి.

అమ్మేదాకా దాచడానికి ఒక్కో బొమ్మను దాని ఆయుధాలతో సహా విడి పాలిథిన్ జిప్ సంచిలో పెట్టి, మీద పేరు రాయండి. మెత్తని పీవీసీ కవర్లు వద్దు. వాటిలోంచి ఊరే నూనె బొమ్మకు అంటి జిడ్డు చేస్తుంది, గట్టి ప్లాస్టిక్ మీద మచ్చలు వేస్తుంది. ఆయుధాన్ని చేతిలో బిగించి ఉంచకుండా పక్కన పెట్టండి. డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి, మళ్లీ అటక మీదికి కాకుండా, రేకు వేడి తగలని గదిలోని బీరువా కింది అరలో పెట్టండి.