సరళీ వరుసను గళ్లలో గీయించడం ఎలా?

జర్మనీలోని బౌహౌస్ డిజైన్ బడిలో (1919–1933) సంగీతం చూపుకు ఇచ్చే శిక్షణ కూడా. వైమర్‌లో గెర్ట్రూడ్ గ్రునోవ్ స్వరాన్నీ రంగునూ ఒంటి కదలికనూ కలిపి పాఠం చెప్పారు. వయొలిన్ విద్వాంసుడు కూడా అయిన చిత్రకారుడు పాల్ క్లే, స్వరకర్త బాహ్ సంగీతాన్ని గళ్ల మీద గీసి చూపించాడు: అడ్డంగా కాలం, నిలువుగా స్థాయి (స్వరం ఎత్తు). నెల్లూరులోనో ఒంగోలులోనో డ్రాయింగ్ క్లాసు నడిపేవారు ఇదే పని కర్ణాటక సంగీతంలో తొలి పాఠమైన సరళీ వరుసతో చేయించవచ్చు. నోటికి వచ్చినదైతే పిల్లల ధ్యాసంతా గీత మీదే ఉంటుంది.

ఏ3 కాగితం అడ్డంగా పెట్టి సెంటీమీటరు గళ్లు గీయండి: అడ్డంగా 32, నిలువుగా 13 (స నుంచి పై స దాకా ఒక్కో స్వరస్థానానికి ఒక వరుస). ఆదితాళానికి 8 అక్షరాలు, అక్షరానికి 4 గళ్లు. 16వ గడి తర్వాత, 24వ గడి తర్వాత నిలువు గీత లావు చేస్తే తాళంలోని భాగాలు, 4 అక్షరాల లఘువూ రెండేసి అక్షరాల రెండు ద్రుతాలూ, విడివిడిగా కనిపిస్తాయి.

సరళీ వరుస పాడే మాయామాళవగౌళ రాగానికి కింది నుంచి స 1వ వరుస, రి 2, గ 5, మ 6, ప 8, ద 9, ని 12, పై స 13. ఎక్కువగా తప్పేది ఇక్కడే. స్వరాలన్నీ సమదూరంలో ఉన్నాయనుకుని మెట్లలా పేరుస్తారు. అప్పుడు ఏడు స్వరాలూ ఉన్న ఏ సంపూర్ణ రాగం గీసినా ఒకే బొమ్మ! స-రి ఆనుకుని ఉండటం, రి-గ మధ్య రెండు వరుసల ఖాళీ, మళ్లీ ప-ద, ద-ని దగ్గర అదే తీరు: ఈ రాగం ముఖం అదే. పక్కనే మోహన రాగం (1, 3, 5, 8, 10, 13 వరుసలు) గీయించండి, కంటికే తేడా తెలుస్తుంది.

మొదటి కాలంలో (పాడే వేగాన్నే ఇక్కడ కాలం అంటారు) స్వరానికి 4 గళ్లు, రెండో కాలంలో 2, మూడో కాలంలో 1 నింపాలి. చుక్క పెట్టి ఊరుకోనివ్వకండి. చుక్కలో స్వరం ఎంతసేపు నిలిచిందో ఉండదు. ఒకరు తాళం వేస్తూ పాడాలి, ఇంకొకరు గీయాలి. గట్టిగా పలికిన చోట గీత లావు. విరామం వస్తే గడి ఖాళీగా వదలాలి గానీ ఎత్తేయకూడదు. ఎత్తేస్తే ద్రుతం గీత దగ్గర లెక్క తప్పుతుంది.

బొమ్మను ఉదయగిరి చెక్క గరిటె కాడ మీదికి దించాలంటే గడికి 2.5 మిల్లీమీటర్లు, 32 గళ్లకు 8 సెంటీమీటర్లు. స్థాయి వదిలేసి లయ ఒక్కటే చెక్కించండి, కాడ వెడల్పులో 13 వరుసలు ఇమడవు. మూడో కాలం వద్దు: నారకు అడ్డంగా అంత సన్నగా మిగిలిన గట్లు ఉలి తగలగానే రాలిపోతాయి. రెండో కాలం, 5 మిల్లీమీటర్ల గాడి, నిలుస్తుంది.