స్పానిష్‌లో మన వృత్తి చెప్పుకోవడం ఎలా

1969లో అనంతపురంలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) సంస్థను స్థాపించిన బార్సిలోనా వాసిని మనం విన్సెంట్ ఫెర్రర్ అంటాం గానీ, స్పెయిన్‌లో ఆ పేరును ‘బిథెంతె ఫెర్రేర్’ అని పలుకుతారు. ఆయన వల్ల స్పెయిన్ అతిథులు ఈ ఊరికి కొత్తవారు కారు. పరిచయమైన కాసేపటికి వారు ‘ఆ కే తె దెదీకాస్?’ అని అడుగుతారు; అంటే ‘ఏం చేస్తుంటావు?’ అని. పెద్దవారిని మన్ననగా అడగాలంటే ‘ఆ కే సె దెదీకా ఉస్తెద్?’ అనాలి. ఇది మన నువ్వు, మీరు తేడా వంటిదే.

జవాబు ‘సోయ్’తో మొదలవుతుంది. ‘సోయ్ ప్రొఫెసోరా’ అంటే ‘నేను టీచర్ని’ అని ఒక స్త్రీ చెప్పడం. ఇంగ్లిషు మీదుగా స్పానిష్ నేర్చుకునేవారు ఇక్కడ ‘ఉనా’, అంటే ‘ఒక’, చేర్చి తప్పు చేస్తుంటారు. తెలుగులో ఎవరూ ‘నేను ఒక టీచర్ని’ అనరు కాబట్టి, వాక్యాన్ని ముందు తెలుగులో అనుకుంటే ఆ తప్పు దానంతటదే తప్పుతుంది. అయితే విశేషణం చేరితే మాత్రం మన తెలుగు ఆదుకోదు: ‘నేను మంచి డాక్టర్ని’ అనడానికి ‘సోయ్ ఉన్ బ్వేన్ మేదికో’ అని ‘ఉన్’ (‘ఉనా’కు పురుష రూపం) పెట్టి తీరాలి.

ఉపాధ్యాయుడు, ఉపాధ్యాయురాలు ఉన్నట్టే అక్కడా వృత్తిపదానికి లింగభేదం ఉంది. ధర్మవరంలో మగ్గం నేసే పురుషుడు ‘తెహెదోర్’, స్త్రీ ‘తెహెదోరా’. నర్సు పురుషుడైతే ‘ఎన్ఫెర్మేరో’, స్త్రీ అయితే ‘ఎన్ఫెర్మేరా’. ‘-ఇస్తా’తో ముగిసే దెంతీస్తా (పళ్ల డాక్టరు), పెరియొదీస్తా (విలేకరి) వంటివి మాత్రం ఇద్దరికీ ఒకటే.

నన్ను బాగా తికమకపెట్టిన మాట ‘కొందుక్తోర్’. మన ఆర్టీసీ బస్సులో కండక్టర్ టికెట్లు కొడతాడు, కానీ స్పానిష్ కొందుక్తోర్ స్టీరింగు పట్టుకునేవాడు, అంటే డ్రైవరు. టికెట్లు కొట్టే ఆయన ‘కొబ్రదోర్’. ఈ రెండూ తారుమారైతే బస్సు ఎవరు నడుపుతున్నారో అతిథికి అర్థం కాదు.

ఉచ్చారణలో మనకు కలిసొచ్చే సంగతి ఒకటుంది. స్పానిష్ ‘త’, ‘ద’లు మన త, దల మాదిరి పళ్లకు తగిలి పలుకుతాయి కాబట్టి ట, డల జోలికి పోనక్కరలేదు. కమ్మరిని ‘ఎర్రేరో’ అంటారు; రాతలో ముందుండే హకారాన్ని పలకరు, ఇక ఆ ‘ర్ర’ను మన ‘ఎర్ర’లో పలికినట్టు గట్టిగా అంటే సరిపోతుంది.

వేరుశనగ పండించే రైతు ‘సోయ్ అగ్రికుల్తోర్, కుల్తీవో కకవేతెస్’ అనవచ్చు. వేరుశనగకు స్పెయిన్‌లో కకవేతె అన్నా, మెక్సికోలో కకవాతె, అర్జెంటీనాలో మనీ అంటారు. డిగ్రీ చదివి, ప్రస్తుతానికి హోటల్లో సర్వరుగా పనిచేస్తున్నవాడు ‘సోయ్’కు బదులు ‘ఎస్తోయ్ దె కమరేరో’ అంటే అది తాత్కాలికమని వినేవారికి తెలిసిపోతుంది. ఉద్యోగం లేకపోతే స్పెయిన్‌లో ‘ఎస్తోయ్ ఎన్ పారో’, పదవీ విరమణ చేసిన పురుషుడైతే ‘ఎస్తోయ్ హుబిలాదో’, స్త్రీ అయితే ‘ఎస్తోయ్ హుబిలాదా’ అంటారు.

మన సంగతి చెప్పేశాక ‘ఇ ఉస్తెద్?’, అంటే ‘మరి మీరు?’, అని తప్పక తిరిగి అడగాలి.