సముద్రం పక్క పాత ఇంటి చిమ్నీ: వాన పడకుండానే గోడ ఎందుకు చెమరుస్తుంది?

వంటింట్లో స్టవ్ మీద బిగించే ఎలక్ట్రిక్ చిమ్నీ సంగతి కాదిది. కట్టెలో బొగ్గో కాల్చే ఫైర్‌ప్లేస్, దాని మీద ఇటుకతో కట్టిన పొగగొట్టం, అదీ ఉప్పుగాలి తగిలే పాత ఇంట్లో ఉన్నప్పుడు వచ్చే తంటాల గురించి. బ్రష్షు ఎలా తోయాలో, ముందు గుడ్డ ఎలా కట్టాలో మీకు తెలుసనే అనుకుంటున్నాను. కప్పు ఎక్కడం అలవాటు లేకపోతే ఎక్కకండి. కింద నిలబడి బైనాక్యులర్‌తో చూసినా సగం పని అయిపోతుంది. ఆ సగం పని కూడా ఎవరూ చేయరన్నదే నా గోల. పొగ తన్నుతోందంటే మసి దులిపిస్తారు, గోడ తడిసిందంటే కప్పు బాగు చేయిస్తారు. పైన జాలీ ఎలా ఉంది, గోడ ఏ రోజుల్లో తడుస్తోంది అన్న రెండు ప్రశ్నలూ ఎవరూ అడగరు.

పొగ గదిలోకి తన్నుతోంది

డ్యాంపర్, అంటే పొగదారిని తెరిచి మూసే పలక, తెరిచే ఉందా? నవ్వకండి. ఉప్పుగాలికి తుప్పుపట్టిన డ్యాంపర్‌లో పిడి హాయిగా తిరుగుతుంది, లోపలి పలక మాత్రం కదలదు. టార్చి వేసి పలకను కళ్లారా చూడండి. పిడిని నమ్మొద్దు.

పలక బాగానే ఉంటే పైకి చూడండి. చిమ్నీ టోపీ చుట్టూ నిప్పురవ్వలు ఎగరకుండా, పిట్టలు దూరకుండా జాలీ ఉంటుంది. పొగ దారిలో అన్నిటికన్నా చల్లగా ఉండే చోటు అదే కాబట్టి తారు అక్కడే గడ్డకడుతుంది. సముద్రం దగ్గర దీనికి తుప్పు తోడవుతుంది. తీగలు ఉబ్బి, కళ్లు ఇరుకై, మిగిలిన సందును మసి పూడుస్తుంది. కింది నుంచి తోసిన బ్రష్షు గొట్టం చివర ఆగిపోతుంది, జాలీని తాకనే తాకదు. అందుకే "నిన్ననే శుభ్రం చేయించాం, అయినా పొగ" అనే ఇళ్లలో నేను మొదట అడిగేది జాలీ గురించే. టోపీ ఊడదీసి, తీగల బ్రష్షుతో గీకి, పాడైపోయి ఉంటే మార్చేయండి. మార్చేటప్పుడు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు అడగండి. మామూలుగా దొరికే 304లో కలపని మాలిబ్డినం అనే లోహం దీనిలో ఉంటుంది, ఉప్పుకు బాగా ఆగుతుంది. జింకు పూత రేకు ఇక్కడ దండగ.

దారి అంతా తెరిచే ఉందా? అయితే ఒక కిటికీ కొంచెం తెరిచి మంట వేయండి. పొగ వెంటనే సర్దుకుంటే తప్పు చిమ్నీది కాదు. వంటింట్లోనో బాత్రూంలోనో ఎగ్జాస్ట్ ఫ్యాన్ గాలినంతా లాగేస్తోంది. వెలిగించిన మొదటి పది నిమిషాలే పొగ వస్తే గొట్టం చల్లబడి ఉందన్నమాట. చుట్టిన కాగితం వెలిగించి డ్యాంపర్ దగ్గర పట్టుకుంటే సరి. ఒక్క దిక్కు గాలి వీచినప్పుడే తన్నితే చిమ్నీ ఎత్తు కొలవండి. కప్పులోంచి బయటికొచ్చిన చోటి నుంచి కనీసం 0.9 మీటర్లు ఉండాలి. చుట్టూ 3 మీటర్ల లోపు ఉన్న దేనికన్నా 0.6 మీటర్లు ఎత్తు ఉండాలి. అంత లేకపోతే ఎత్తు పెంచాలి, లేదా గాలికి తిరిగే టోపీ పెట్టాలి. తిరిగే టోపీలకు ఉప్పుగాలిలో బేరింగులు త్వరగా బిగుసుకుపోతాయి. నేనైతే ఎత్తు పెంచడానికే ఓటేస్తాను.

మసి తొందరగా పేరుకుపోతోంది

కట్టెలు పచ్చివి. దాదాపు ఎప్పుడూ ఇదే. కట్టెలో తేమ 20 శాతం లోపు ఉండాలి. ఆరుబయట కప్పు లేకుండా పేర్చిన మోపు సముద్రం దగ్గర ఆ అంకెకు ఎప్పటికీ దిగదు. తేమ చూడాలంటే మొద్దును చీల్చి లోపలి ముఖం మీద మీటరు పెట్టండి, పైబెరడు మీద కాదు. రెండో కారణం, రాత్రంతా కాలాలని గాలి తగ్గించి మంటను కుమిలేలా వదిలేయడం.

మసి 3 మిల్లీమీటర్లు దాటిందంటే ఇక ఆగకుండా తీయించాలి. పొడిగా రాలితే మీ బ్రష్షు చాలు. నల్లగా, నున్నగా, గాజులా మెరిసే పొర కట్టి ఉంటే బ్రష్షు దాని మీద జారిపోవడం తప్ప ఏమీ చేయదు. అది పనివాళ్లకు వదిలేయాల్సిన పని, అప్పటిదాకా మంట వేయొద్దు. నిప్పంటుకునేది ఆ పొరే. గొట్టంలోంచి హోరుమని శబ్దం వచ్చినా, పైనుంచి నిప్పురవ్వలు ఎగిరినా, అందరూ బయటికి వచ్చి ఫైరింజన్‌కు ఫోన్ చేయండి. మంట దానంతటదే ఆరిపోయినా సరే, గొట్టంలో కెమెరా దించి చూడకుండా మళ్లీ వెలిగించకండి.

పొగగొట్టం లోపల తొడిగిన స్టెయిన్‌లెస్ గొట్టం (లైనర్) ఉంటే ప్లాస్టిక్ బ్రష్షే వాడాలి. ఇనుప తీగల బ్రష్షు తోస్తే ఆ ఇనుప రజను లైనర్‌కు అంటుకుని, అక్కణ్ణించే తుప్పు మొదలవుతుంది.

చిమ్నీ గోడ మీద గోధుమరంగు చెమ్మ మరక

నన్ను ఎక్కువ ఏడిపించిన సమస్య ఇదే, అందుకే దీనికే ఎక్కువ చోటిస్తున్నాను.

గదిలోకి ముందుకొచ్చిన చిమ్నీ గోడ మీద, సాధారణంగా సీలింగుకు దగ్గరగా, టీ మరకలాంటి చెమ్మ కనిపిస్తుంది. పైన ఉంది కాబట్టి "కప్పు కారుతోంది" అని ఎవరైనా అంటారు. మేస్త్రీ వస్తాడు, చిమ్నీ కప్పులో కలిసేచోట నీళ్లు దిగకుండా బిగించే ఫ్లాషింగ్ రేకు మారుస్తాడు, ఇటుకల మధ్య దర్జులు నింపుతాడు, లోపల ప్లాస్టరింగ్ చేసి రంగు వేస్తాడు. ఎండలు కాస్తాయి, మరక మాయమవుతుంది, అందరూ సంతోషిస్తారు. గాలిలో తేమ పెరిగే రోజులు రాగానే అదే చోట అదే మరక. అప్పుడు రెండో మేస్త్రీని పిలుస్తారు, మొదటివాడి పని బాగాలేదంటారు. పాపం, అతని పని చాలాసార్లు బాగానే ఉంటుంది.

అసలు దొంగ గోడలోని ఉప్పు. అది రెండు దారుల్లో చేరుతుంది. బయట కప్పు మీద నిలబడ్డ చిమ్నీకి ఏళ్ల తరబడి సముద్రపు తుంపర తగిలి దర్జుల్లోంచి ఇంకుతుంది. లోపల దశాబ్దాల పాటు కట్టెలు, బొగ్గు కాల్చిన పొగలోని ఆవిరి చల్లటి ఇటుక మీద నీరై, సల్ఫేట్లను, క్లోరైడ్లను, నైట్రేట్లను ఇటుకలోకి మోసుకెళ్తుంది. ఆ లవణాలు మెల్లగా గది వైపు ప్లాస్టరింగులోకి వచ్చి కూర్చుంటాయి. ముసురు రోజుల్లో డబ్బాలో కళ్లుప్పు చెమర్చినట్టే గోడా చెమరుస్తుంది. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే నీళ్లు లాగుతుంది. కాల్షియం నైట్రేటుకు 50 శాతం చుట్టుపక్కల చాలు, కాల్షియం క్లోరైడుకు 30 దగ్గరే. సముద్రతీరంలో రాత్రిళ్లు 75 దాటడం మామూలే. అంటే చుక్క వాన పడకుండానే ఆ గోడ గాలిలోంచి నీళ్లు తాగుతోంది. పగలు ఆరినప్పుడు ఉప్పు మళ్లీ గట్టిపడి స్ఫటికాలై ప్లాస్టరింగును పెచ్చులుగా లేపుతుంది.

తేమ కొలిచే మీటరు ఇక్కడ నమ్మకద్రోహి. అది కొలిచేది కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందన్నది. ఉప్పు పట్టిన గోడలో కరెంటు బాగా పారుతుంది. గోడ ఒక మాదిరిగా పొడిగా ఉన్నా మీటరు ఎర్ర గీత దాటేస్తుంది. ఆ అంకె చూపించి కప్పు పని అంటగట్టేవాళ్లు కొల్లలు.

ఇక పట్టుకోవడం. మొదటి పని పెన్సిల్‌తో మరక అంచు గీసి, పక్కన తేదీ వేయడం. వాన పడిందా, ఉక్కగా ఉందా, మంట వేశారా అన్నది రాసుకోండి. కొన్ని వారాలు ఓపిక పట్టండి. వాన పడిన కొన్ని గంటల్లోనో మర్నాడో గీత దాటి పాకితే నీళ్లు కారుతున్నాయి. వాన లేని ఉక్క రోజున నల్లబడి, జోరు వాన తర్వాత కూడా పొడిగాలి వీచిందంటే వెలిసిపోతుంటే అది ఉప్పే. ఈ ఒక్క పని చేసి ఉంటే సగం ఇళ్లలో కప్పు జోలికి వెళ్లాల్సిన అవసరమే ఉండేది కాదు.

ఇంకా అనుమానం ఉంటే డబ్బా పరీక్ష. మరక మీది ప్లాస్టరింగు కొంచెం, అదే గదిలో శుభ్రంగా ఉన్న గోడ మీదిది కొంచెం గీకండి. రెండూ విడివిడిగా పొడిచేసి, వెచ్చటి చోట బాగా ఆరనిచ్చి, నగలు తూచే చిన్న త్రాసు మీద ఒక్కో మూతలో 20 గ్రాముల చొప్పున తూచండి. గాలి చొరబడని డబ్బాలో ఒక గిన్నె పెట్టి, అందులో ఉప్పు పోసి ముద్దగా తడపండి. ఉప్పు పూర్తిగా కరగకూడదు, అడుగున గట్టిగా మిగలాలి. అలాంటి ముద్ద మూసిన డబ్బాలోని గాలిని 75 శాతం తేమ దగ్గర నిలబెడుతుంది. రెండు మూతలూ ముద్దను తాకకుండా డబ్బాలో పెట్టి వారం వదిలేయండి. మళ్లీ తూస్తే శుభ్రమైన గోడ పొడి పెద్దగా బరువెక్కదు. ఉప్పు పట్టిన పొడి బరువెక్కడమే కాదు, వేలితో నొక్కితే అంటుకుంటుంది. మేస్త్రీతో వాదించాల్సి వస్తే ఆ రెండు మూతలూ ముందు పెట్టండి.

ఒక హెచ్చరిక. ఉప్పు ఉందంటే కారుడు లేదని కాదు. చాలాచోట్ల రెండూ ఉంటాయి, కారే నీళ్లే కొత్త ఉప్పును తోడుకొస్తాయి. కాబట్టి వరస ముఖ్యం. ముందు నీళ్లు ఆపాలి: టోపీ, పైన పగుళ్లిచ్చిన సిమెంటు గచ్చు, ఫ్లాషింగ్, దర్జులు. వాడని చిమ్నీ అయితే కింద ఫైర్‌ప్లేస్‌ను ఇటుకతో పూర్తిగా మూసేశారేమో చూడండి. పైనా కిందా గాలాడకపోతే గొట్టంలో తేమ బందీ అవుతుంది. కింద గ్రిల్, పైన గాలి వెళ్లే టోపీ పెట్టండి.

తర్వాత గోడ ఆరాలి. మందం 25 మిల్లీమీటర్లకు నెల చొప్పున లెక్క వేసుకోండి, తీరంలో ఇంకా ఎక్కువే పడుతుంది. ఆ ఓపిక లేకే చాలామంది రెండుసార్లు డబ్బు పోస్తారు. ఆరాక మరక అంచు దాటి 30 సెంటీమీటర్ల వరకు పాత ప్లాస్టరింగు ఇటుక కనిపించేదాకా కొట్టేయండి. పైకొచ్చిన తెల్లటి పొడిని పొడి బ్రష్షుతోనే దులపండి. కింద కవరు పరిచి, పొడిని పట్టి బయట పారేయండి. నీళ్లతో కడిగారా, దాన్ని మళ్లీ గోడలోకే పంపినట్టు.

మళ్లీ పూసేది సున్నపు ప్లాస్టరింగే కావాలి. జిప్సం వద్దు, తేమ తగిలితే మెత్తబడుతుంది. వాటర్‌ప్రూఫ్ సిమెంటు పూత ఇంకా చేటు, ఉప్పును పక్కకు తోస్తుంది, మరక పక్క గోడ మీద తేలుతుంది. మరకలు కప్పే పెయింటు ఒక సీజను ఆగి పెచ్చులూడుతుంది. సున్నపు పూత ఉప్పును తనలోకి లాక్కుంటుంది కాబట్టి మొదటి పూత కొన్నేళ్లకు పాడవ్వచ్చు. అప్పుడు దాన్నే తీసి మళ్లీ పూస్తారు, ఇటుక జోలికి పోనక్కర్లేదు. అంత తతంగం వద్దనుకుంటే గోడకు సందు వదిలి లోహపు చట్రం మీద పలకలు బిగించే పద్ధతి ఉంది. మంట వేసే చిమ్నీకి మాత్రం చెక్క చట్రం పెట్టొద్దు. పూర్తయ్యాక గదిలో గాలి తేమను లాగే యంత్రం (డీహ్యూమిడిఫయర్) పెడితే మంచిదే. తేమ ఒకే స్థాయిలో ఉంటే ఉప్పు కరగడం, గట్టిపడడం తగ్గుతుంది.

బయట ఇటుకల ముఖాలు రాలిపోతున్నాయి

పాత సున్నపు దర్జుల మీద ఎవరో గట్టి సిమెంటుతో పాయింటింగ్ చేశారు. నీళ్లు దర్జులోంచి బయటికి రాలేక ఇటుకలోంచి వస్తున్నాయి, వెంట ఉప్పునూ తెస్తున్నాయి. సిమెంటు గీకేసి సున్నంతో నింపండి. నీళ్లు తగలకుండా ఏదైనా పూయాలనుకుంటే ఆవిరిని వదిలే సైలేన్-సిలాక్సేన్ రకమే. అదీ గోడ ఆరాకే.

వాన రోజుల్లో పాత పొగ కంపు

మసి, తారు తడిసి వాసన వస్తోంది. దులిపించి, టోపీ సరిచేసి, వాడనప్పుడు డ్యాంపర్ మూస్తే పోతుంది. సుగంధ ద్రవ్యాలు చల్లినా లాభం లేదు.

మిగతావి

తేనెపట్టు, పక్షి గూడు, విరిగిన లోపలి ఇటుక లాంటివి కెమెరా దించితే కనిపిస్తాయి. గొట్టానికి గ్యాసు హీటరో బాయిలరో కలిపి ఉంటే మాత్రం సొంత వైద్యం వద్దు. కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు. ఆ గదిలో అలారం పెట్టి, పనివాణ్ని పిలవండి. అంతా చూసినా మరక అర్థం కాకపోతే పక్కింటివాళ్లను ఒకమాట అడగండి. కలిసిన గోడలో మీకు తెలియకుండా వాళ్ల పొగగొట్టం కూడా వెళ్తూ ఉండొచ్చు.