గ్లో ఇంజన్ స్టార్ట్ చేసే ముందు, చేశాక

మిథనాల్ ఇంధనంతో నడిచే చిన్న మోడల్ విమానం ఇంజనే గ్లో ఇంజన్. అది గాలిలో ఆగిపోతే చాలాసార్లు కారణం వేడే.

- ఇంధనం డబ్బా మీద నూనె శాతం చూడండి. మామూలు టూ స్ట్రోక్‌కు 18-20 ఉంటే టెన్షన్ లేదు. మిథనాల్ తేమ పీల్చుకుంటుంది, మూత వదులైన పాత డబ్బా వాడొద్దు.
- ఇంజన్‌ను కప్పే మూత (కౌల్) లోపలికి గాలి వస్తే చాలదు, బయటికీ పోవాలి. వెనక కంత ముందుదానికంటే పెద్దదిగా ఉండాలి. చాలామంది ముందువైపే ఇంకో కంత కోస్తారు, వేడి మాత్రం తగ్గదు!
- సిలిండర్ రెక్కల మధ్య జిడ్డు తుడవండి.
- ఫుల్ థ్రాటిల్‌లో నీడిల్‌ను (ఇంధనం ఎంత వెళ్లాలో సరిచేసే స్క్రూ) ఇంజన్ గరిష్ఠ వేగం దగ్గర వదిలేయకండి. వేగం కాస్త తగ్గేదాకా తెరవండి. ఇప్పుడు విమానం ముక్కు పైకెత్తి పట్టుకోండి, శబ్దం కుంగితే ఇంకొంచెం తెరవాలి.
- నీడిల్ తిప్పేటప్పుడు ప్రొపెల్లర్ వెనకే ఉండండి. మిథనాల్ మంట ఎండలో దాదాపు కనిపించదు.