ముందు కాగితం, తర్వాత జెండా

శ్రీకాకుళం, విజయనగరాల్లో ఎల్‌జీబీటీక్యూ (గే, లెస్బియన్, ట్రాన్స్‌జెండర్ తదితరుల) హక్కుల కోసం పనిచేద్దామనుకునేవాళ్లకి మొదట తట్టేది ర్యాలీ. కొన్నాళ్లు ఆగండి. ఏడు రోడ్ల కూడలిలో జెండా పట్టుకుంటే సాయంత్రానికల్లా ఊళ్లో చుట్టాలకి ఫొటో చేరిపోతుంది. మీకు ఫర్వాలేకపోవచ్చు. పక్కన నిలబడ్డ కుర్రాడి సంగతి వాళ్లింట్లో ఇంకా తెలీదు.

ఒక్కరి సమస్యతో మొదలెట్టండి. ట్రాన్స్‌జెండర్ పింఛను (నెలకి రూ.4,000) రావట్లేదనుకుందాం. ఏ కారణం రాసి ఆపారో మీ గ్రామ లేదా వార్డు సచివాలయంలో అడగండి. ఆధార్‌లో పాత పేరు, కలెక్టర్ ఇచ్చిన గుర్తింపు పత్రంలో కొత్త పేరు ఉంటే చిక్కు అక్కడే. ముందు ఆధార్ సరిచేయించండి. పత్రమే లేకపోతే జాతీయ ట్రాన్స్‌జెండర్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. నిబంధనలు మారుతుంటాయి, నిరుడు ఎవరో జతచేసిన కాగితాలు చూసి కాదు, ఆరోజు పోర్టల్ అడిగినవే పెట్టండి.

అప్పటికీ కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకి వెళ్లండి. అర్జీ ఒక పేజీ, కోరిక ఒక్కటి. అయిదుగురి గోడు ఒకే కాగితంలో రాస్తే అది శాఖల మధ్య తిరుగుతూనే ఉంటుంది. అసలు పత్రాలు ఇవ్వొద్దు, జిరాక్సులు చాలు. రసీదు నంబరు చేతికొచ్చేదాకా అక్కణ్ణించి కదలొద్దు. పని కాకుండానే ‘పరిష్కరించాం’ అని మూసేస్తే, ఆ నంబరుతోనే మళ్లీ తెరిపించండి.

జిల్లా మొత్తం పరిస్థితి తెలియాలంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలి. కలెక్టరేట్ పౌర సమాచార అధికారికి, రూ.10 రుసుముతో. ఇలా రాయండి: ‘2024 ఏప్రిల్ 1 నుంచి ఇప్పటివరకు ట్రాన్స్‌జెండర్ గుర్తింపు పత్రానికి వచ్చిన దరఖాస్తులెన్ని? ఇచ్చినవి, తిరస్కరించినవి, పెండింగువి ఎన్నెన్ని?’ ‘ఎందుకు ఇవ్వట్లేదు?’ అని మాత్రం అడగొద్దు. రికార్డుల్లో ఉన్నదే ఇస్తారు, సంజాయిషీ ఇవ్వరు. పేర్లూ అడగొద్దు. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆ తర్వాతి 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయండి. ఆ అంకెలు చేతిలో ఉంటే విలేకరి కూడా శ్రద్ధగా వింటాడు.

గే, లెస్బియన్ల విషయం వేరు. 2018 సెప్టెంబరు 6 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో పెద్దవాళ్ల ఇష్టపూర్వక సంబంధం నేరం కాదు. పెళ్లి హక్కు మాత్రం 2023 తీర్పులో దక్కలేదు. వీళ్ల చిక్కులు చాలావరకు ఇంట్లోవే: బలవంతపు పెళ్లి, ‘బాగుచేయించడానికి’ డాక్టరు దగ్గరికి లాక్కెళ్లడం. అలాంటి చికిత్సని జాతీయ వైద్య కమిషన్ 2022లో వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. ప్రిస్క్రిప్షన్, బిల్లు దాచుకుని రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చేయొచ్చు. న్యాయ సలహాకి 15100 నంబరుకి ఫోన్ చేయండి.

ఇంకొకటి, ఇది బతుకుల విషయం. ఎవరి పేరైనా, ఫొటో అయినా బయటపెట్టేముందు ఆ మనిషినే అడగండి, అదీ ప్రతిసారీ. పోయిన నెల సరేనన్నవాళ్లు ఈ నెల చెల్లెలి సంబంధం చూస్తుంటే వద్దనొచ్చు. వాట్సాప్ గ్రూపులో కూడా ఊరి పేరు, ఇంటిపేరు రాయకండి. రెండూ కలిస్తే మనిషెవరో మనవాళ్లు ఇట్టే పోల్చేస్తారు.