కారు కిందికి దించాక అలైన్‌మెంట్

కారు ఎత్తు తగ్గించడానికి పొట్టి స్ప్రింగులు వేయించిన వెంటనే అలైన్‌మెంట్‌కి, అంటే చక్రాల కోణాలు సరిచేయించడానికి, వెళ్లొద్దు. కొన్ని రోజులు మామూలుగా నడిపి వాటిని సర్దుకోనివ్వండి. కంట్రోల్ ఆర్మ్ (చక్రాన్ని కారు బాడీకి కలిపే చేయి) బుష్‌ల, అంటే దాని కీళ్లలోని రబ్బరు తొడుగుల, బోల్టుల్ని కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడే పూర్తిగా బిగించారా అని నేనైతే తప్పకుండా అడుగుతాను. చక్రాలు గాల్లో వేలాడుతుండగా బిగిస్తే, కారు కిందికి దిగగానే బుష్ రబ్బరు మెలి తిరిగి తొందరగా చిరుగుతుంది.

అలైన్‌మెంట్‌కి ముందు అన్ని టైర్లలో గాలి సరిచూడండి. మొదట క్యాంబర్ (ఎదురుగా చూస్తే చక్రం లోపలికో బయటికో ఎంత వాలిందో), ఆ తర్వాతే టో (పైనుంచి చూస్తే చక్రం ముందు అంచు లోపలికో బయటికో ఎంత తిరిగిందో) సరిచేయించండి. క్యాంబర్ కదిపితే టో కూడా మారిపోతుంది మరి. చక్రాల పైభాగం లోపలికి వాలిందని చాలామంది టెన్షన్ పడతారు గానీ, టైర్లను ఎక్కువగా తినేసేది టో. ట్రెడ్ (టైరు రోడ్డుకు ఆనే భాగం) మీద అరచేయి అడ్డంగా రుద్దండి: ఒకవైపు నున్నగా జారి, వెనక్కి లాగేటప్పుడు రంపపు పళ్లలా గీరుకుంటే మొదట టోనే అనుమానించండి. వెనక చక్రాల కొలతలు కూడా తీయించండి.