ఎడిటర్‌లో కొన్ని లైన్లకు తాళం వేసే ముందు చూసుకోవాల్సినవి

హనుమకొండలో మా కోచింగ్ పిల్లల కోసం కోడ్‌మిర్రర్ 6 (బ్రౌజర్‌లో కోడ్ రాసే ఎడిటర్లు కట్టుకునే లైబ్రరీ)తో ఎడిటర్ చేశాం; పైన ఫంక్షన్ పేరు, చివరి బ్రాకెట్ ఎవరూ ముట్టుకోకూడదు, మధ్యలోనే రాయాలి.

రీడ్‌ఓన్లీ సెట్టింగ్ మొత్తం డాక్యుమెంట్‌కు పడుతుంది, కొంత భాగానికే కావాలంటే చేంజ్‌ఫిల్టర్ (ప్రతి మార్పునూ ముందే చూసి, వద్దన్న చోట ఆపేసేది) వాడండి.

తాళం వేసిన భాగాల స్థానాలను ఒకసారి లెక్కేసి వదిలేయొద్దు. మధ్యలో నాలుగు లైన్లు చేరగానే బ్రాకెట్ కిందికి జారుతుంది, తాళం మాత్రం పాత చోటే ఉండిపోయి అప్పుడే రాసిన లైన్‌ను పట్టేసుకుంటుంది. మా దగ్గర ఒక పాప తన రిటర్న్ లైన్ దిద్దుకోలేక అరగంట టెన్షన్ పడింది, చూసి చాలా బాధేసింది. ప్రతి మార్పుతో పాటు స్థానాలను కూడా జరపండి.

పేస్ట్, అంతా సెలెక్ట్ చేసి డిలీట్, ఫైండ్ రీప్లేస్, అన్‌డూ, అన్నీ స్వయంగా నొక్కి చూడండి. తాళం ఉన్న లైన్లకు బూడిద రంగు వేయండి.

తాళం వేసిన లైన్లు మారలేదని సర్వర్‌లో మళ్లీ సరిచూడటం తప్పనిసరి, బ్రౌజర్‌లో తాళాన్ని ఎవరైనా తీసేయగలరు.